స్ఫటిక హృదయమెరిగిన విదుషి

లోకంలో కొన్ని వస్తువులు తమను తాము కోల్పోతూ ఇతరులకు ఉపకరిస్తాయి. చమురు తరిగిపోతూ దీపానికి వెలుగునిస్తుంది. గంధపుచెక్క అరిగిపోతూ పరిమళాన్ని పంచుతుంది. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో కూడా ఇటువంటి త్యాగశీలి ఒకటి ఉంది. అది మాంసకృత్తుల స్ఫటికం. దాని అంతర్నిర్మాణాన్ని తెలిసికొనడానికి శాస్త్రజ్ఞులు దానిపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తారు. ఏ కిరణాలు దాని రహస్యాన్ని వెల్లడిస్తాయో, ఆ కిరణాలే దానిని క్రమక్రమంగా శిథిలం చేస్తాయి. తన కథను పూర్తిగా చెప్పకమునుపే స్ఫటికం నశించిపోవచ్చు. అందుచేత ఈ విద్యను అభ్యసించేవారికి సూక్ష్మదృష్టితోపాటు అపారమైన ఓర్పు కూడా అవసరం. ఆ ఓర్పుకు నిలువెత్తు నిదర్శనంగా నిలిచిన విదుషి డొరొతీ హాడ్జ్‌కిన్. వంకరలు తిరిగిన వేళ్లతో, చెదరని చిరునవ్వుతో ఆమె పెన్సిలిన్, విటమిన్ బి12, ఇన్సులిన్ అనే మూడు ప్రాణరక్షక పదార్థాల అణునిర్మాణాలను లోకానికి తెలియజేసింది.

డొరొతీ మేరీ క్రౌఫుట్ 1910 మే 12న ఈజిప్టు దేశంలోని కైరో నగరంలో జన్మించింది. తండ్రి జాన్ క్రౌఫుట్ అక్కడి విద్యాశాఖలో ఉద్యోగి. అనంతరం సూడాను దేశపు విద్యాశాఖలో ఉన్నత పదవిని నిర్వహించి, పురాతత్త్వ పరిశోధకుడుగా ఖ్యాతి గడించాడు. తల్లి గ్రేస్ మేరీ ప్రాచీన వస్త్రాల నేత పద్ధతులను పరిశోధించిన పండితురాలు. మొక్కల గురించి కూడా ఆమెకు చక్కని పరిజ్ఞానం ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనప్పుడు డొరొతీకి నాలుగేళ్లు. పిల్లల క్షేమాన్ని కోరి తల్లిదండ్రులు ఆమెను, చెల్లెళ్లను ఇంగ్లండులో పెద్దల సంరక్షణలో ఉంచి, తాము విధినిర్వహణ కోసం దూరదేశంలోనే ఉండిపోయారు. ఆ యుద్ధం కారణంగా తల్లి తన నలుగురు సోదరులను పోగొట్టుకుంది. ఆ గర్భశోకం వంటి దుఃఖం ఆమెను శాంతి ఉద్యమం వైపు నడిపించింది. కుమార్తె మనస్సులో కూడా ఆ బీజం చిన్ననాడే పడింది.

డొరొతీకి పదేళ్ల వయస్సులో స్ఫటికాలతో తొలి పరిచయం కలిగింది. పటికను, మైలతుత్తాన్ని వేడినీటిలో కరిగించి, ఆ ద్రావణాన్ని కదలనీయక ఉంచితే, కొన్నాళ్లకు దాని అడుగున నిగనిగలాడే స్ఫటికాలు రూపొందుతాయి. పటికబెల్లం తయారీని చూచినవారికి ఇది వింతగా తోచదు. కాని రూపంలేని ద్రవం నుండి చెక్కినట్లుగా అంచులు తీరిన ఘనరూపం తనంతట తానే వెలువడడం ఆ బాలికను ముగ్ధురాలిని చేసింది. పదమూడేళ్ల ప్రాయంలో ఆమె తల్లిదండ్రులను చూడడానికి సూడాను వెళ్లింది. వారి కుటుంబ మిత్రుడైన డాక్టర్ జోసెఫ్ మృత్తికా రసాయనజ్ఞుడు. ఆ బాలిక ఆసక్తిని గమనించి ఖనిజాలను పరీక్షించే రసాయనాల పెట్టె నొకదానిని ఆయన ఆమెకు బహూకరించాడు. ఇంగ్లండుకు తిరిగి వచ్చి ఇంటి అటకమీది గదినే ఆమె ప్రయోగశాలగా మార్చుకుంది. ఆమె చదివిన బెక్లెస్ పట్టణపు పాఠశాలలో రసాయనశాస్త్రం మగపిల్లలకు మాత్రమే బోధించేవారు. డొరొతీకి, మరొక బాలికకు మాత్రం వారితో కలిసి ఆ తరగతిలో కూర్చునే అనుమతి లభించింది.

పదహారేళ్ల వయస్సులో తల్లి ఆమెకొక పుస్తకాన్ని కానుకగా ఇచ్చింది. అది సర్ విలియం హెన్రీ బ్రాగ్ బాలబాలికల కోసం చేసిన ఉపన్యాసాల సంపుటి. ఎక్స్-కిరణాల సహాయంతో స్ఫటికంలోని పరమాణువులను చూడవచ్చుననే సంగతి ఆ పుస్తకం ద్వారానే ఆమెకు తెలిసింది. ఆ క్షణం నుండి ఆమె జీవితమార్గం నిర్ణీతమైపోయింది.

విద్యార్థులారా! ఈ పద్ధతి ఏమిటో కొంత తెలిసికొంటే డొరొతీ సాధించిన విజయం ఎంతటిదో అవగతమవుతుంది. పరమాణువులు మిక్కిలి సూక్ష్మమైనవి. సాధారణ కాంతి తరంగం వాటికంటె కొన్నివేల రెట్లు పొడవైనది కావడంచేత, ఎంత మేలైన సూక్ష్మదర్శినితోనైనా ఆ కాంతిలో అవి కనిపించవు. ఎక్స్-కిరణాల తరంగాలు మాత్రం పరమాణువుల మధ్య దూరానికి దాదాపు సరిసమానమైనవి. స్ఫటికంలో అణువులు సైనికుల వలె బారులు తీరి ఉంటాయి. వాటిపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తే అవి నిర్ణీతమైన దిశలలో వివర్తనం చెంది, ఫిల్ముపై వందలాది చుక్కలుగా నమోదవుతాయి. 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే ఈ విషయాన్ని కనుగొనగా, బ్రాగ్ తండ్రీకొడుకులు దానిని నిర్మాణ పరిశోధనకు సాధనంగా తీర్చిదిద్ది 1915లో నోబెల్ బహుమతిని పొందారు. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ఫిల్ముపై చుక్కల స్థానం, వాటి గాఢత మాత్రమే నమోదవుతాయి. తరంగాల దశ నమోదు కాదు. వాకిట వేసిన ముగ్గును చెరిపివేసి, చుక్కలు మాత్రం మిగిల్చి, ఆ ముగ్గు ఏదో చెప్పుమన్నట్లుంటుంది. చుక్కలు కొన్నే అయితే ఊహించవచ్చు. అవి వేలసంఖ్యలో ఉంటే గణితం, రసాయనజ్ఞానం, ప్రతిభ ఈ మూడూ కలిసిరావాలి.

1928లో డొరొతీ ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో చేరి, రసాయనశాస్త్రంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. 1932లో కేంబ్రిడ్జికి వెళ్లి జాన్ డెస్మండ్ బెర్నాల్ వద్ద పరిశోధన ప్రారంభించింది. బెర్నాల్ బహుముఖ ప్రజ్ఞాశాలి. జీవపదార్థాల రహస్యం వాటి అణునిర్మాణంలోనే ఉన్నదని దృఢంగా నమ్మినవాడు. స్త్రీపురుష భేదం పాటింపక శిష్యులను ప్రోత్సహించినవాడు.

1934లో ఆ ప్రయోగశాలలో ఒక చారిత్రక సంఘటన జరిగింది. స్వీడనులోని ఉప్సాలా నగరంలో జాన్ ఫిల్పాట్ అనే పరిశోధకుడు జీర్ణరసంలోని పెప్సిన్ అనే మాంసకృత్తును స్ఫటికీకరించాడు. అక్కడికి వెళ్లిన గ్లెన్ మిలికన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ స్ఫటికాలను, అవి పుట్టిన ద్రావణంతో సహా ఒక గాజుగొట్టంలో కేంబ్రిడ్జికి తెచ్చి బెర్నాల్‌కు అందజేశాడు. బెర్నాల్ ఒక స్ఫటికాన్ని వెలికి తీసి ఎక్స్-కిరణాల ముందుంచగా అస్పష్టమైన నల్లదనం తప్ప ఏ చుక్కా ఫిల్ముపై కనిపించలేదు. ఆయన సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ద్రావణం నుండి బయటకు తీసిన వెంటనే స్ఫటికం ఎండి, లోపలి క్రమం చెదిరిపోతున్నదని గ్రహించాడు. మాంసకృత్తుల స్ఫటికం ఉప్పుకల్లు వలె కఠినమైనది కాదు. అందులో ఇంచుమించు సగం నీరే. తాటిముంజె వలె మృదువైన ఆ పదార్థం తన తడిని కోల్పోతే ఆకృతిని నిలుపుకోలేదు. వెంటనే బెర్నాల్ మరొక స్ఫటికాన్ని దాని మాతృద్రావణంతోపాటు సన్నని గాజునాళంలో ఉంచి మూసివేసి, మరల ప్రయత్నించాడు. ఈసారి ఫిల్ముపై నక్షత్రఖచితమైన ఆకాశం వలె స్పష్టమైన చుక్కలు ప్రత్యక్షమయ్యాయి. మాంసకృత్తుల అణువులకు నిర్దిష్టమైన నిర్మాణం ఉన్నదని మొట్టమొదటిసారిగా రుజువైంది. ఆ సంవత్సరం మే నెలలో నేచర్ పత్రికలో వెలువడిన ఆ వ్యాసంపై బెర్నాల్ పేరుతోపాటు డొరొతీ పేరు కూడా ఉంది.

అయితే ఆ తొలి చిత్రాన్ని తీసిన రోజున ఆమె ప్రయోగశాలలో లేదు. కొంతకాలంగా ఆమె చేతుల కీళ్లు నొప్పితో బిగుసుకుపోతూ ఉండగా, తల్లిదండ్రులు ఆమెను లండనులోని వైద్యనిపుణుని వద్దకు తీసికొని వెళ్లారు. అది దీర్ఘకాలిక కీళ్లవాతమని తేలింది. అప్పటికి ఆమె వయస్సు 24 సంవత్సరాలు. వెంట్రుకవాసి స్ఫటికాలను సూదిమొనతో ఎత్తి, గాజునాళంలో నిలబెట్టవలసిన విద్యలో ప్రవేశించిన యువతికి చేతులే సహకరించవని విధి తీర్పు చెప్పినట్లయింది. వైద్యుని మాటకు కుంగిపోయి మరొక మార్గాన్ని ఎన్నుకొని ఉంటే ఆమెను ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని డొరొతీ కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, మరల పనిలో నిమగ్నమైంది.

ఆ సంవత్సరమే ఆమె ఆక్స్‌ఫర్డుకు తిరిగివచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయ ప్రదర్శనశాల భవనంలో ఒక మూలగది ఆమెకు ప్రయోగశాలగా లభించింది. సూక్ష్మదర్శిని పైనున్న అటకవంటి మేడపై ఉండేది. స్ఫటికాన్ని ఒక చేతిలో భద్రంగా పట్టుకొని, రెండవ చేతితో ఆసరా తీసికొంటూ ఆమె నిటారైన మెట్లు ఎక్కవలసి వచ్చేది. విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర పరిషత్తులో ఆ రోజులలో స్త్రీలకు సభ్యత్వం లేదు. ఇన్ని ప్రతికూలతల నడుమ కూడా ఆమె అసహనాన్ని ప్రదర్శించలేదు. పని ద్వారానే తన స్థానాన్ని నిరూపించుకుంది.

ప్రసిద్ధ రసాయనజ్ఞుడు రాబర్ట్ రాబిన్సన్ 1934లో ఆమెకు పది మిల్లీగ్రాముల ఇన్సులిన్‌ను ఇచ్చాడు. 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ మున్నగువారి పరిశోధనవల్ల వెలుగు చూచిన ఈ పదార్థం మధుమేహ రోగులకు సంజీవని వంటిది. డొరొతీ ఆ పొడిని కరిగించి, ఓపికతో పెద్ద స్ఫటికాలను పెంచి, గంటల తరబడి ఎక్స్-కిరణాల ముందుంచింది. ఆ రాత్రి ఫిల్మును కడిగినప్పుడు మధ్యభాగంలో సన్నని చుక్కల వరుస కనిపించింది. ఆ ఆనందాన్ని పట్టలేక ఆమె ఆక్స్‌ఫర్డు వీధులలో ఒంటరిగా తిరిగింది. తెల్లవారిన తరువాత, తాను చిత్రించినది నిజంగా ఇన్సులినేనా అనే సందేహం కలిగి మరల పరీక్షించి రూఢి చేసుకుంది. ఆనందంలో కూడా సందేహాన్ని విడువకపోవడం శాస్త్రజ్ఞుల సుగుణం. అయితే ఆ చుక్కల భాషను పూర్తిగా చదవడానికి తనకు మరి 35 సంవత్సరాలు పడుతుందని ఆ రాత్రి ఆమెకు తెలియదు.

1937లో డొరొతీ చరిత్రకారుడైన థామస్ హాడ్జ్‌కిన్‌ను వివాహమాడింది. 1938లో తొలి సంతానం కలిగిన తరువాత కీళ్లవాతం తీవ్రరూపం దాల్చింది. దుస్తులు ధరించడం కూడా దుష్కరమైన స్థితి ఏర్పడింది. చికిత్సానంతరం ఆమె ప్రయోగశాలకు వచ్చేసరికి ఎక్స్-కిరణాల యంత్రపు ప్రధాన మీటను నొక్కే శక్తి వేళ్లలో లేదు. దానికి ఆమె చింతించలేదు. మీటకు పొడవైన కడ్డీని అమర్చజేసుకొని, తన పనిని కొనసాగించింది. ముగ్గురు బిడ్డల తల్లిగా, అధ్యాపకురాలిగా, పరిశోధకురాలిగా ఆమె త్రివిధ బాధ్యతలను నిర్వహించింది.

1940లో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రజ్ఞుల బృందం ఎలుకలపై పెన్సిలిన్‌ను పరీక్షించి అద్భుత ఫలితాలను సాధించింది. వీధిలో తారసపడిన చెయిన్ ఆ వార్తను డొరొతీకి తెలిపి, ఏనాటికైనా స్ఫటికాలను ఆమెకు అందజేయగలమని ఉత్సాహంతో పలికాడు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. గాయపడిన సైనికులను కాపాడడానికి ఈ ఔషధం విరివిగా కావలసి ఉంది. దానిని అధికంగా ఉత్పత్తి చేయాలన్నా, కృత్రిమంగా తయారు చేయాలన్నా ముందుగా దాని నిర్మాణం తెలియాలి. రసాయనజ్ఞులలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. నాలుగు పరమాణువులతో ఏర్పడిన చిన్న వలయం అందులో ఉన్నదని ఒక పక్షం. అటువంటి వలయం నిలువజాలదని రాబిన్సన్ ప్రభృతుల పక్షం. డొరొతీ, బార్బరా లో మున్నగు సహచరులతో కలిసి, పంచ్ కార్డుల గణనయంత్రాల సహాయంతో 1945 నాటికి ఆ వివాదాన్ని తేల్చివేసింది. చతుర్భుజాకారపు వలయం ఉన్నట్లు స్ఫటికం సాక్ష్యమిచ్చింది. తనకు ఇన్సులిన్‌ను ఇచ్చి ప్రోత్సహించిన పెద్దమనిషి అభిప్రాయానికి అది విరుద్ధమైనా, స్ఫటికం చెప్పిన సత్యాన్నే ఆమె ప్రకటించింది. ఆ వలయమే బీటా-లాక్టమ్ వలయం. తరువాత వచ్చిన అనేక సూక్ష్మజీవనాశక ఔషధాలకు అదే మూలాధారం. 1947లో ఆమె రాయల్ సొసైటీ సభ్యురాలిగా ఎన్నికైంది.

1948లో లెస్టర్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు విటమిన్ బి12 ఎర్రని స్ఫటికాలను ఆమెకు అందజేశాడు. ఈ విటమిన్ లోపించినవారికి ప్రాణాంతకమైన రక్తహీనత సంక్రమిస్తుంది. పెన్సిలిన్‌కంటె బి12 అణువు ఎంతో పెద్దది. దాని రసాయన సూత్రం కూడా అప్పటికి సంపూర్ణంగా తెలియదు. అణువు మధ్యనున్న కోబాల్టు పరమాణువును ఊతగా చేసికొని డొరొతీ బృందం ముందుకు సాగింది. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో కెన్నెత్ ట్రూబ్లడ్ ఆనాటి కొత్త కంప్యూటరుపై గణనలు చేసి ఫలితాలను పంపేవాడు. ఎనిమిదేళ్ల కృషి ఫలించి 1956లో సంపూర్ణ నిర్మాణం వెల్లడైంది. 1964లో ఆమెకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మేరీ క్యూరీ, ఐరీన్ జోలియో క్యూరీల తరువాత ఆ శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మూడవ మహిళ ఆమెయే. మరుసటి సంవత్సరం ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదం లభించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ తరువాత ఆ గౌరవాన్ని అందుకొన్న రెండవ మహిళ ఆమెయే.

ఇంతటి కీర్తి లభించినా, తొలియౌవనంలో తన్ను నిద్రపోనీయని ఇన్సులిన్ ఇంకా మిగిలే ఉంది. అందులోని పరమాణువులు దాదాపు ఎనిమిది వందలు. గణనసమస్య ఒక అవరోధమైతే, స్ఫటికం నశించిపోవడం మరొక అవరోధం. ఇక్కడ మనం ఆ వినాశనం ఎట్లు జరుగుతుందో తెలిసికొనాలి.

స్ఫటికంపై పడిన ఎక్స్-కిరణాలలో అత్యధికభాగం దానిని తాకకుండానే దూసుకొనిపోతాయి. తాకిన కొద్దిభాగంలో కూడా మనకు చుక్కలను ప్రసాదించేవి స్వల్పమే. అధికభాగం పరమాణువులలో శోషణం చెంది, అక్కడి ఎలక్ట్రానులను వెలికి నెట్టివేస్తాయి. అట్లు వెలువడిన ఒక్కొక్క ఎలక్ట్రాను తన దారిలోని వందలాది పరమాణువులను ఛిన్నాభిన్నం చేస్తుంది. స్ఫటికంలోని నీరు కూడా విచ్ఛిన్నమై, చురుకైన రేణువులు పుట్టుకొస్తాయి. సాధారణ ఉష్ణోగ్రతలో అవి ఆ తడిలో సంచరిస్తూ, కిరణం తాకని అణువులను సైతం పాడుచేస్తాయి. అడవిలో రాలిన నిప్పురవ్వ ఒక చెట్టుతో ఆగదు గదా! 1962లో కోలిన్ బ్లేక్, డేవిడ్ ఫిలిప్స్ అనే శాస్త్రజ్ఞులు మయోగ్లోబిన్ స్ఫటికాలపై ఈ నష్టాన్ని కొలిచి చూచారు. శోషణం చెందిన ఒక్కొక్క ఎక్స్-కిరణ కణం సుమారు 70 అణువులను ధ్వంసం చేస్తున్నదని వారు అంచనా కట్టారు. కాలం గడిచేకొద్దీ దూరపు చుక్కలు ముందుగా మసకబారుతాయి. అణువులోని సూక్ష్మవివరాలను తెలిపేవి ఆ దూరపు చుక్కలే. అంటే ఏది మిక్కిలి విలువైన సమాచారమో, అదే ముందుగా మాయమవుతుంది.

దీనికి ఆనాటివారి ఎదుట ఉన్న ఉపాయం ఒక్కటే. ఒక స్ఫటికం క్షీణించగానే దానిని తొలగించి మరొకదానిని అమర్చడం; అట్లు అనేక స్ఫటికాల నుండి సేకరించిన కొలతలను ఒకదానితో ఒకటి సరిపోల్చి కూర్చడం. ఒక్కొక్క స్ఫటికం తన కథలో కొన్ని పుటలు మాత్రమే చెప్పి అస్తమించేది. ఆ విడిపుటలను కుట్టి గ్రంథంగా రూపొందించవలసిన భారం పరిశోధకులదే. పైగా, భారలోహాలను చొప్పించి తయారుచేసిన స్ఫటికాల నుండి కూడా ఇదే విధంగా కొలతలు తీయవలసి ఉండేది. 1950 దశకంలో మాక్స్ పెరూట్జ్ హీమోగ్లోబిన్ విషయంలో నిరూపించిన ఈ భారలోహ పద్ధతియే దశల చిక్కుముడిని విప్పింది.

డొరొతీ ప్రయోగశాల ఒక కుటుంబం వంటిది. దేశదేశాల నుండి వచ్చిన యువతీయువకులు అక్కడ పనిచేసేవారు. వారందరూ ఆమెను ఇంటిపేరుతో గాక డొరొతీ అనే పిలిచేవారు. గై డాడ్సన్, ఎలినార్ డాడ్సన్, టామ్ బ్లండెల్, మార్గరెట్ ఆడమ్స్ వంటివారితోపాటు మన దేశీయుడైన ఎం. విజయన్ కూడా ఆ బృందంలో సభ్యుడు. 1969లో ఇన్సులిన్ నిర్మాణం సిద్ధించింది. రెండు జింకు పరమాణువులను ఆశ్రయించి ఆరు ఇన్సులిన్ అణువులు పూలరేకుల వలె అమరి ఉన్న దృశ్యం లోకానికి వెల్లడైంది. 24 ఏళ్ల ప్రాయంలో ఆరంభించిన పని ఆమెకు 59 ఏళ్ల వయస్సులో పూర్తయింది. విజయన్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తిరిగివచ్చి, మనదేశంలో మాంసకృత్తుల స్ఫటికశాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడయ్యాడు. ఆక్స్‌ఫర్డులో వెలిగిన దీపం నుండి ఒక వత్తి మన నేలపై కూడా వెలిగిందని చెప్పవచ్చు.

డొరొతీ దృష్టి ప్రయోగశాల గోడలకు పరిమితం కాలేదు. అణ్వాయుధాలు మానవజాతికి ముప్పు తెస్తాయని ఆమె గాఢంగా విశ్వసించింది. ఆమె భావాల కారణంగా 1953లో అమెరికా ప్రభుత్వం ఆమెకు ప్రవేశానుమతిని నిరాకరించింది. అయినా ఆమె ద్వేషాన్ని పెంచుకోలేదు. అమెరికా, సోవియట్ యూనియన్, చైనా శాస్త్రజ్ఞులందరితోను స్నేహాన్ని పాటించింది. చైనా శాస్త్రజ్ఞులు స్వతంత్రంగా ఇన్సులిన్ నిర్మాణాన్ని సాధించినప్పుడు వారి కృషిని అంతర్జాతీయ వేదికలపై ప్రశంసించింది. 1976 నుండి 1988 వరకు ప్రపంచశాంతి కోసం పాటుపడే పగ్వాష్ సమావేశాల సంస్థకు అధ్యక్షురాలిగా వ్యవహరించింది. 1970 నుండి 1988 వరకు బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి కులపతిగా ఉంది. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన మార్గరెట్ థాచర్ విద్యార్థిదశలో ఆమె శిష్యురాలే. రాజకీయంగా ఇరువురివి భిన్నధ్రువాలైనా పరస్పర గౌరవం చెక్కుచెదరలేదు.

వార్ధక్యంలో వ్యాధి ఆమె దేహాన్ని కుంగదీసింది. అయినా 1993లో బీజింగులో జరిగిన అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర మహాసభకు ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని హాజరైంది. 1994 జూలై 29న ఇంగ్లండులోని ఇల్మింగ్టన్ గ్రామంలో తన స్వగృహంలో కన్నుమూసింది.

ఆమె ఎదుర్కొన్న సమస్యను తరువాతి తరంవారు విడిచిపెట్టలేదు. 1988లో హాకన్ హోప్ మాంసకృత్తుల స్ఫటికాలను ద్రవ నైట్రోజన్ శైత్యంలో, అనగా సుమారు మైనస్ 173 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి పరీక్షించే పద్ధతిని వివరించాడు. ఆ చలిలో నీటి నుండి పుట్టిన విధ్వంసక రేణువులు కదలలేక నిలిచిపోతాయి. అందువల్ల స్ఫటికం ఆయుష్షు సుమారు 70 రెట్లు పెరుగుతుంది. అయినా నష్టం నెమ్మదిస్తుందే గాని ఆగదు. 2006లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞురాలు ఎల్స్‌పెత్ గార్మన్, ఆమె సహచరులు చల్లబరచిన స్ఫటికం సహింపగల వికిరణ పరిమితిని మూడుకోట్ల గ్రేలుగా నిర్ధారించారు. మానవదేహానికి ఐదు గ్రేల వికిరణమే ప్రాణాంతకం కాగలదనే విషయాన్ని పోల్చి చూస్తే స్ఫటికం ఎంతటి తాకిడిని భరిస్తున్నదో ఊహించవచ్చు. ఆ తాకిడిలో ముందుగా తెగిపోయేవి రెండు గంధక పరమాణువులను కలిపే బంధాలు. ఇన్సులిన్ అణువును పట్టి నిలిపే బంధాలు మూడూ అటువంటివే. డొరొతీ జీవితమంతా ప్రేమించిన అణువు ఈ దాడికి ఎంత సుకుమారమైనదో దీనివల్ల తెలుస్తుంది. 2011లో మరొక కొత్త మార్గం తెరుచుకుంది. సెకనులో లక్షకోట్లవ వంతుకంటె తక్కువ కాలం నిలిచే ప్రచండమైన ఎక్స్-కిరణ స్పందనాలను అతిసూక్ష్మ స్ఫటికాలపై ప్రయోగించి, అవి బద్దలయ్యేలోపుగానే చిత్రాన్ని గ్రహించగలిగారు. ఒకరు నష్టాన్ని నెమ్మదింపజేశారు. మరొకరు దానికంటె వేగంగా పరుగెత్తారు. డొరొతీకి ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఆమెకున్నది ఓర్పు ఒక్కటే.

డొరొతీ జీవితాన్ని పరిశీలించినప్పుడు ఒక సామ్యం మనకు స్ఫురిస్తుంది. ఎక్స్-కిరణాల తాకిడికి స్ఫటికం లోలోపల శిథిలమవుతూ కూడా, తనలో క్రమం మిగిలినంతవరకు సత్యాన్నే చెబుతుంది. ఆమె చేతులు కూడా ఏటేటా వంకరపోతూనే, స్ఫటికాలను నిలబెట్టడం మానలేదు. నశించే వస్తువు చేతిలో ఉన్నప్పుడు కాలాన్ని వృథా చేయరాదని, నశించినదానికి విలపిస్తూ కూర్చొనక మరొక స్ఫటికాన్ని అందుకొని కొలత సాగించాలని ఆమె జీవితం బోధిస్తున్నది. నేడు ఇన్సులిన్ సూదిమందుతో దినచర్యను ప్రారంభించే మధుమేహ రోగికి ఆమె పేరు తెలియకపోవచ్చు. కాని ఆ మందును మరింత మేలైనదిగా తీర్చిదిద్దడానికి శాస్త్రజ్ఞులకు తోడ్పడిన అణుచిత్రం వెనుక 35 సంవత్సరాలపాటు చలించని ఒక స్త్రీమూర్తి సంకల్పం ఉంది. ఆ సంకల్పాన్ని స్మరించడం మన ధర్మం. అందులో కొంతైనా అలవరచుకోవడం మన కర్తవ్యం.